పాదులవలస గుమ్మళ్ళమ్మ పూల పెళ్ళి

పాదులవలస ఊరి బయట, ఏరు సముద్రంలో కలిసే చోటికి కోసెడు దూరాన, ఇసుక నేల మీద గుమ్మళ్ళమ్మ తల్లి కొలువై ఉంది. గర్భగుడికి పందిరే కప్పు. పందిరి మీద అల్లుకున్న గుమ్మడి తీగల కింద, నిలువు చారలతో గుండ్రంగా ఉన్న రాయే అమ్మవారు. మాఘమాసంలో భక్తులు తెల్లవారకముందే తలా ఒక గుమ్మడి పువ్వు పట్టుకుని బారులు తీరతారు. కొత్తగా వచ్చినవారు పువ్వు ఎందుకని అడగడం, ఊరివారు నవ్వుకుంటూ ఈ కథ చెప్పడం ఇక్కడ పరిపాటి.

పూర్వం ఇక్కడ అసిరమ్మ అనే ఇల్లాలు, భర్త పోయాక, అత్త పైడమ్మతో కలిసి ఉండేది. వానాకాలపు గుమ్మడికాయలు అటక మీద దాచుకుని, ఎండాకాలమంతా అత్తాకోడళ్ళు వాటితోనే కడుపు నింపుకునేవారు. ఆ ఏడు కార్తీకంలో తుపాను వచ్చి, కాయలతో సహా పాదులన్నీ ఏటిపాలయ్యాయి. ఎండలు ముదిరితే ముసలిదాన్ని పస్తులుంచాల్సి వస్తుందని అసిరమ్మకు దిగులు పట్టుకుంది. ఉట్టి మీద మిగిలిన గుప్పెడు గింజలు తీసి మార్గశిరంలో పాదు పెట్టింది. ఆషాఢంలో పెట్టాల్సిన గింజ ఇప్పుడు పెడితే ఆకులే కోసుకు తినాలని ఊరంతా వేళాకోళం చేసింది. అసిరమ్మ అసలే మొండి మనిషి. మన నేలకు చలి ఒక లెక్కా, ఇసుక వెచ్చగానే ఉంది కదా అనుకుని, కడవలతో నీళ్ళు మోసి పోసింది.

తీగ సాగింది, పూలు విరగబూశాయి. కానీ పిందెతో పుట్టిన ప్రతి పువ్వూ నాలుగు రోజులకే పండుబారి రాలిపోయేది. అసిరమ్మ రాలిన పిందెలు ఒళ్ళో పోసుకుని ఏడ్చేది. ఏడ్చి, లేచి, పిందె లేని పొడుగు కాడల పూలన్నీ తెంపుకుపోయి, బియ్యప్పిండి అద్ది వేయించి అత్తకు పెట్టేది. ఎలాగూ కాయని పూలు, అవైనా ఆవిడ నోటికి అందుతాయని ఆమె ఆలోచన. పళ్ళూడిన పైడమ్మకు ఆ వేపుడంటే ప్రాణం.

మాఘం వచ్చాక ఒక మధ్యాహ్నం పాదు పక్కన కునుకు తీసిన అసిరమ్మకు కల వచ్చింది. ఒళ్ళంతా పసుపు పూసుకుని, బాసికం కట్టుకుని, గుండ్రటి మొహం పిల్ల ఒకతి పెళ్ళిపీటల మీద ఒంటరిగా కూర్చుని ఉంది. పెళ్ళికొడుకు ఏడని అసిరమ్మ అడిగింది.

“నన్నడుగుతావేటప్పా? దినామూ నా పెళ్ళికొడుకుని మీ అత్తకి ఏపి పెడతన్నది నువ్వే కదా,” అంది ఆ పిల్ల. “ఈ కాలంలో తేనెటీగలైనా రావు. రేపు పొద్దు పొడిచే ముందు నువ్వే పెళ్ళిపెద్దవై మా ఇద్దర్నీ కలుపు.”

మెలకువ వచ్చాక అసిరమ్మకు సిగ్గూ నవ్వూ కలిసి వచ్చాయి. మర్నాడు వేకువనే పాదంతా గాలిస్తే, ఆకుల చాటున పొడుగు కాడ మగపువ్వు ఒక్కటే దొరికింది. దాన్ని తెంపి, రేకలు వెనక్కి మడిచి, లోపలి పుప్పొడిని పిందె పువ్వు నడిమధ్యన మూడుసార్లు తాకించింది. పిందె కాడకు పసుపు దారం కట్టింది. ఈ పూట వేపుడు లేదా అని పైడమ్మ గొణిగితే, పెళ్ళి జరిగిందని చెప్పి ఊరుకుంది.

నాలుగో రోజున పిందె పచ్చగానే ఉంది. అసిరమ్మ ఆనందం పట్టలేక పాదు చుట్టూ గంతులేసింది. ఇక రోజూ వేకువనే పెళ్ళిళ్ళే. ఫాల్గుణం దాటేసరికి తీగల నిండా కాయలు. ఎగతాళి చేసినవారే గింజలడగడానికి వచ్చారు. దారం కట్టిన మొదటి కాయ మాత్రం కోయబోతే ఎంతకీ కదలలేదు. అందరూ కలిసి దాన్ని ఎత్తితే, కింద అదే ఆకారంలో, అవే చారలతో రాయి వెలసి ఉంది. కలలో పిల్ల అత్తారింటికి పోకుండా తన చేలోనే ఉండిపోయిందని అసిరమ్మ కళ్ళు తుడుచుకుంది.

పెళ్ళి అయిపోయిన పువ్వునైనా నాకు పెట్టకూడదా అని పైడమ్మ అడిగిందట. పెట్టవచ్చని అసిరమ్మకు తోచింది. అందుకే నేటికీ అమ్మవారి పాదులో పిందె పువ్వుకు తాకించిన తర్వాతే భక్తుల పూలను వేయించి ప్రసాదం చేస్తారు. పెళ్ళి ఆలస్యమైనవారికి ఆ ఏడే సంబంధం కుదురుతుందని, అదను దాటాక విత్తినవారికి పాదు నిండుగా కాస్తుందని నమ్మకం. తొలి ప్రసాదం మాత్రం ఆ రోజు వచ్చినవారిలో అందరికన్నా ముసలి అత్తగారికి, కోడలి చేతి మీదుగా అందుతుంది. ఆవిడ చిగుళ్ళతో తీరిగ్గా నమిలి, బాగుందని అన్నాకే గుడి గంట కొడతారు.