అశ్వశాఖలో మోటారు సైకిలు

ఉదయం ఆరూ పదికి పేరయ్య కోట వాకిట్లో నిలబడి, కొత్త మోటారు సైకిలు ముందు ఎవరో వేసి వెళ్లిన పచ్చగడ్డి మోపును కాలితో పక్కకు జరుపుతున్నాడు.

గడ్డి వేయడంలో తప్పేమీ లేదు. తురగగిరిలో రాజ్యం ఇంకా నడుస్తోంది. దాన్ని ఎత్తేయడం ఎవరికీ గుర్తు రాలేదు. కాళ్లు చెరోవైపు వేసి ఎక్కేదేదైనా అశ్వశాఖ కిందికే వస్తుందని అక్కడ పాత ఆజ్ఞ. అశ్వశాఖలో చేరినదానికి మొదటిరోజు మేత పడాలి.

ఆ బండిని తెప్పించమని సలహా ఇచ్చినవాడు పేరయ్యే. కొలువులో అతను మంత్రి కాడు, విదూషకుడూ కాడు. రాజుగారికి ఏమీ తోచనప్పుడు పిలిచే మనిషి.

రాజు కందర్ప భూపతి నోట్లో బ్రష్షుతోనే మేడ దిగి వచ్చాడు.

"ఏమిటయ్యా దీని గొప్ప?"

బండిని తెచ్చిన కంపెనీ మనిషి ముందుకొచ్చాడు. "కిందటేటి బండినే మార్పులు చేసి తెచ్చాం మహారాజా. మరీ బరువూ కాదు, మరీ తేలికా కాదు. ముందు తొడుగులేమీ ఉండవు, ఇంజను బయటికే కనిపిస్తుంది. క్లచ్ నొక్కక్కర్లేదు, అదే చూసుకుంటుంది. హ్యాండిల్ మీది ఈ బొత్తాంతో మూడు రకాలుగా నడుస్తుంది. వాన, రోడ్డు, పందెం."

"వాన లేనప్పుడు వాన నొక్కితే?"

"బుద్ధిగా పోతుంది మహారాజా. ఎంత తిప్పినా దూకదు. అందుకే కొత్తవాళ్లకీ బాగుంటుంది, చెయ్యి తిరిగినవాళ్లకీ బాగుంటుంది."

"ఒకే బండి ఇద్దరికీ ఎలా బాగుంటుందయ్యా?" అన్నాడు రాజు.

"ఉండదు ప్రభూ!"

అన్నది అశ్వాధ్యక్షుడు ఓబులపతి. గుర్రాల జూలుకు రాసే నూనెనే మీసాలకూ రాసుకుంటాడు. ఆయన దగ్గరికి రాగానే పేరయ్య తుమ్మాడు. గుర్రపు వాసన తగిలితే పేరయ్యకు తుమ్ములు ఆగవు. అందుకే పుట్టి బుద్ధెరిగాక ఏ జంతువూ ఎక్కలేదు.

"చెయ్యి తిరిగినవాడికి నచ్చే వాహనం కొత్తవాణ్ణి పడేస్తుంది. కొత్తవాణ్ణి మోసేది నాలాంటివాడికి గాడిదతో సమానం. పేరయ్య తమరిచేత గాడిదను కొనిపిస్తున్నాడు ప్రభూ."

రాజు నోరు పుక్కిలించి ఊశాడు. ఆయన తీర్పులన్నీ ఆ తర్వాతే వస్తాయి.

"ఇప్పుడే తేల్చేద్దాం. ఇద్దరికీ పనికొచ్చిందా, బండి పేరయ్యది. రాలేదా, బండి కంపెనీకి, పేరయ్య ఓబులపతి కిందికి."

"లాయం కడగడానికి మనిషి కోసమే చూస్తున్నాను," అన్నాడు ఓబులపతి.

పేరయ్య మళ్లీ తుమ్మాడు. లాయంలో తన బతుకు ఎలా ఉంటుందో ఆ తుమ్ములోనే కనిపించింది.

"కొత్తవాణ్ణి నేనే ప్రభూ. చెయ్యి తిరిగినవారు ఓబులపతిగారు. ఆయన్ని మించినవారు ఎవరున్నారు?"

"లేరు," అన్నాడు ఓబులపతి.

కంపెనీ మనిషి పేరయ్యను కూర్చోబెట్టి చూపించాడు. కుడిచేతి పిడి తిప్పితే పోతుంది. వదిలితే నెమ్మదిస్తుంది. దాని ముందున్న ఈ మీట, కాలి దగ్గరున్న ఆ మెట్టు నొక్కితే ఆగుతుంది. పేరయ్య చెప్పింది చెప్పినట్టు చేశాడు. కోట చుట్టూ ఒక చుట్టు తిరిగి, బయలుదేరినచోటే ఆగాడు. దిగి, ఉత్తరీయంతో హ్యాండిల్ మీద దుమ్ము తుడిచి, ఓబులపతికి దారిచ్చాడు.

"అయ్యా, ఆపడం ఎలాగంటే..." అని కంపెనీ మనిషి మొదలుపెట్టాడు.

"ఊరుకోండి," అన్నాడు పేరయ్య. "ఆయనకా ఆపడం నేర్పేది?"

"అదీ మాట!" అన్నాడు ఓబులపతి. పేరయ్య మాటను ఆయన ఒప్పుకోవడం అదే మొదలు.

హెల్మెట్‌లో మీసాలు సర్దుకుని ఎక్కాడు. రెండు మడమలతో బండి డొక్కలో పొడిచాడు. అది కదల్లేదు. పేరయ్య తిప్పడం చూశాడు గనక తనూ తిప్పాడు. కదిలింది. వాకిలి దాటి లాయం వైపు మళ్లింది. ఇక ఆపాలనుకున్నాడు.

గుర్రాన్ని ఎలా ఆపుతారో అలాగే ఆపబోయాడు. వెనక్కి వాలి, "హో!" అంటూ రెండు చేతులూ గుండెల వైపు లాగాడు. లాగినకొద్దీ కుడి మణికట్టు తిరిగింది. తిరిగినకొద్దీ బండి ముందుకే పోయింది. "హో" అన్న కేక దూరమవుతూ వినిపించింది.

గడ్డివామిలో చప్పుడు లేకుండా ఆగారు, బండీ ఆయనా ఇద్దరూ.

ఓబులపతి ముందు బయటికొచ్చాడు. హెల్మెట్ తీశాడు. మీసాలకు నూనె ఉంది గనక గడ్డి బాగా అంటుకుంది.

"చూశారా ప్రభూ! కొత్తవాణ్ణి మోసింది, చెయ్యి తిరిగినవాడికి పనికిరాలేదు. నేను ముందే చెప్పాను!"

రాజు ఆలోచించాడు. "మాటంటే మాటే. పేరయ్యా, లాయానికి..."

"ఒక్క సందేహం ప్రభూ. ఓబులపతిగారూ, దీని బ్రేకు ఎక్కడుంటుంది?"

ఓబులపతి బండిని ముందు చూశాడు, వెనక చూశాడు, సీటు కిందికి వంగి చూశాడు.

"అలాంటివి లాయంలో పనివాళ్లు చూసుకుంటారు," అన్నాడు.

పేరయ్య రాజు వైపు తిరిగి చేతులు కట్టుకున్నాడు.

"అయితే కొత్తవారు ఆయన ప్రభూ, ఒంటిమీద గీత కూడా పడలేదు. చెయ్యి తిరిగినవాణ్ణి ఈ కోటలో నేనొక్కణ్ణే, ఒక చుట్టు తిరిగాను. నాకు బండి నచ్చింది."

రాజు చేతిలోంచి బ్రష్షు జారిపడింది. ముందు ఆయన నవ్వాడు, తర్వాత కావలివాళ్లు నవ్వారు, చివరికి కంపెనీ మనిషీ నవ్వాడు. తాళంచెవి పేరయ్య చేతిలో పడింది. మోటారు సైకిళ్లకు మేత వేయనక్కర్లేదని అక్కడికక్కడే కొత్త ఆజ్ఞ కూడా వెలువడింది.

పది రోజుల తర్వాత మొదటి సర్వీసుకు వచ్చిన కంపెనీ మనిషి రాజుగారికి ఒక సంగతి చెప్పాడు. పేరయ్య తిరిగినప్పుడు బండి బొత్తాం 'రోడ్డు' మీద ఉంది. గడ్డివామిలోంచి లాగినప్పుడు 'వాన' మీద ఉంది. ఆ రోజు తురగగిరి మీద మబ్బు తునక కూడా లేదు.