గిట్టలవాళ్లు ఎక్కిన గట్టు

షేర్ మార్కెట్ గురించి నాకు తెలిసింది బహు తక్కువ. నేను కొన్న మర్నాడు ధర పడుతుంది, అమ్మిన మర్నాడు లేస్తుంది. ఈ రెండూ ఇంతవరకు ఒక్కసారి కూడా తప్పలేదు. అందుకని జంతువుల మార్కెట్ గురించి రాస్తున్నాను. అవి చదవలేవు గనక తప్పులు పట్టలేవు.

తుమ్మలమెట్ట అడవిలో ఒక బల్లపరుపు రాతిగట్టు ఉంది. బుధవారం బుధవారం దానిమీద వాటాల సంత. తేనెపట్టులో వాటా, చింతతోపులో వాటా, అన్నిటికంటే గిరాకీ గొర్రెల గడ్డివాములో వాటా. అది ఒక్కటి కొనుక్కుంటే చాలు, బతికినన్నాళ్లూ రోజుకో మోపు గడ్డి ఇంటికొస్తుంది.

బేరం మాత్రం నోటితో కాదు, తువ్వాలు కింద. ఇద్దరూ చేతులు లోపల పెట్టాలి, కొనేవాడు చాపిన వేళ్లు అమ్మేవాడు పట్టుకోవాలి. వేలుకో కుంచెడు ఉలవలు. అమ్మేవాడు పిడికిలి బిగిస్తే బేరం ఖాయం. తువ్వాలు తీసేసరికి పిడికిట్లో ఎన్నుంటే అదే ధర.

ముత్తాతల కాలంలో ఆ గట్టు పులులది. తాతల కాలంలో ఎలుగులూ కోతులూ ఎక్కాయి. తర్వాత నక్కలొచ్చాయి. గిట్టలవాళ్లు మాత్రం కిందే. వేళ్లు లేనివాడు తువ్వాలు ముట్టరాదని కట్టుబాటు. ఎద్దు కొనాలన్నా, గొర్రె అమ్మాలన్నా, మధ్యలో దళారీ నక్క తారకం ఉండాల్సిందే.

వేసవి ముందు ఆఖరి సంతకి ఒక రోజుందనగా ఎద్దు గంగులు తారకం దగ్గరికెళ్లాడు. పన్నెండేళ్లు దున్నినవాడు. మోకాళ్లు పోయాయి. ఈ దుక్కితో సరి, ఇక కాడి మోయలేడు. మోయకపోతే మేత పెట్టేవాళ్లు లేరు.

"తారకంగారూ, గడ్డివాములో ఒక్క వాటా. అయిదు కుంచాలు కూడబెట్టాను."

"అయిదా? ఎనిమిది నడుస్తోంది బావా!"

"పోయిన వారం ఏడన్నారుగా?"

"పోయిన వారం నువ్వు ఒక వారం చిన్నవాడివి. మార్కెట్ అంటే అంతే. నమ్మకపోతే నువ్వే గట్టెక్కి అడుగు. వేళ్లున్నాయా?"

గంగులు తన గిట్ట వంక చూసుకుని వెనక్కొచ్చేశాడు. పాకలో కాడి మీద రోకలిబండ నాంచారమ్మ పాకుతోంది. వానాకాలం గోడలెక్కే వెయ్యికాళ్ల పురుగు, ఆవిడే.

"ఏంట్రా అబ్బాయ్, ముక్కు నేలకానుస్తున్నావ్?"

గంగులు చెప్పాడు. నాంచారమ్మ విని, తాపీగా నాలుగొందల కాళ్లు సర్దుకుంది.

"వేళ్లుండాలన్నారు సరే. ఎన్నుండాలో చెప్పారా?"

"చెప్పలేదు పిన్నీ."

"అయితే రేపు నన్ను నీ గిట్ట మీద కూచోబెట్టుకో. నాకు చదువు లేదు, బలం లేదు. ముట్టుకుంటే ముడుచుకోవడం ఒక్కటే వచ్చు. దాన్నే నమ్ముకుందాం."

మర్నాడు నాంచారమ్మని గిట్ట మీద పెట్టుకుని గంగులు గట్టెక్కుతుంటే కోతులు ఈలలేశాయి. తారకం లేచి అడ్డుపడ్డాడు.

"అన్యాయం! అవి వేళ్లు కావు, కాళ్లు!"

సంతపెద్ద ఎలుగుబంటి తల గోక్కుంది. "కోతికి కాళ్లకి కూడా వేళ్లే ఉన్నాయి, ఒప్పుకున్నాం. ఈవిడకి ఉన్నవన్నీ సన్నగా వేళ్లలాగే ఉన్నాయి. కానివ్వండి."

తువ్వాలు పరిచారు. అమ్మేది గొర్రె బుచ్చమ్మ. గిట్టల మనిషి గనక గట్టు కిందే నిలబడింది. ఆవిడ తరఫున తారకం చెయ్యి లోపలికి పెట్టాడు. ఆవిడ అడిగిన ధరకి పైన ఎంతొచ్చినా తారకానిదే.

చేతికి నాంచారమ్మ కాళ్లు మెత్తగా, బిలబిలమంటూ తగిలాయి. అయిదు... పది... ఇరవై. చక్కిలిగింత పుట్టి తారకం కిసుక్కున నవ్వాడు. ముప్పై... నలభై! ముసలెద్దు ఎక్కడో పాతర దాచాడు! ఇంకా లెక్కపెడితే వీడికి మతి తిరిగొస్తుందేమోనని గబుక్కున పిడికిలి బిగించేశాడు.

"ఖాయం!"

ఎలుగుబంటి తువ్వాలు లాగింది. తారకం పిడికిలి విప్పాడు. అందులో గుండ్రంగా, చుట్టలా, ఒకే ఒక్క నాంచారమ్మ.

"ఒకటి," అంది ఎలుగుబంటి. "కుంచెడు ఉలవలు."

"మోసం! నలభై తగిలాయి!"

"పిడికిట్లో ఉన్నదే ధర. కట్టుబాటు నీకు తెలియనిదా?"

అప్పుడు గట్టు కింద బుచ్చమ్మ గుండె బాదుకుంది. "ఓరి తారకం! మూడు కుంచాలకి అమ్మిపెట్టరా అంటే ఒక్కదానికి తగలేశావా!"

గంగులు గట్టు అంచుకొచ్చి కిందికి వంగాడు.

"ఎంతకమ్మన్నావమ్మా?" అడిగాడు గంగులు.

"మూడు. ఎప్పుడూ మూడే కదయ్యా."

"నాకు ఎనిమిదన్నాడు," అన్నాడు గంగులు.

"నా దగ్గర తొమ్మిది పుచ్చుకున్నాడు," అంది గాడిద.

అన్ని చూపులూ తారకం మీదే. తారకం చూపు మాత్రం పారిపోయే దారి మీద.

ఇక్కడ నేనయితే ఒక్క కుంచెడిచ్చి ఇంటికి పరిగెత్తేవాణ్ణి. గంగులు మూడు కుంచాలూ కొలిచి బుచ్చమ్మ ముందు పోశాడు. "నీ ధర నీకు రావాలమ్మా," అన్నాడు. నాంచారమ్మ చుట్ట విప్పుకుని, "నిన్ను మోసుకొచ్చినందుకు నేను సిగ్గుపడే పని లేకుండా చేశావురా," అంది, మోసుకొచ్చింది ఎవరో మరిచిపోయి. ఆ ముసలెద్దుకీ ఆ పురుగుకీ నేను ఇన్నేళ్లకీ దణ్ణం పెడుతూనే ఉన్నాను.

ఆ రోజే ఎలుగుబంటి తీర్పు చెప్పింది. ఇక బేరం నోటితోనే, నలుగురికీ వినపడేలా. నోరున్న ఎవరైనా గట్టెక్కొచ్చు. పై ఏడాదికి కుందేళ్లొచ్చాయి. మూడో ఏడు కొండ అవతల్నించి వలసకొంగలు కూడా దిగి, తేనెలో వాటాలు కొన్నాయి.

ఆ ఏడే తారకానికి పళ్లు కదిలాయి. ముసలితనానికి తేనెపట్టులో వాటా ఒకటి కావాలని వచ్చి, అమ్మే ఎలుగు చెవి దగ్గరికి వంగి, "మన ఇద్దరి మధ్యా..." అని గొణిగాడు.

గట్టు మీద ఎండలో నెమరేస్తున్న గంగులు తలెత్తాడు.

"గట్టిగా అడుగు తారకం. చివర్నున్న కుందేలుకి వినపడలేదట."

నీతి: ధర అందరికీ వినపడిన రోజే సంత అందరిదీ అవుతుంది.