గోడ దాటిన బంతి

ఓబులేసుకు పెద్ద చిక్కొచ్చి పడింది. అలాంటిలాంటి చిక్కు కాదు.

గూడ్స్‌షెడ్డు పేట ఫుట్‌బాల్ క్లబ్బుకు అతను ప్రచార కార్యదర్శి. లీగు నడిపే పెద్దమనుషులు క్లబ్బుకు కబురు పెట్టారు. "మీ గ్రౌండులో మ్యాచీ పెడితే చూసే నాథుడు లేడు. ఈ నెల ఆఖరి ఆదివారం మేమే వచ్చి చూస్తాం. జనం రాకపోతే పై ఏడాది నుంచి మీ మ్యాచీలన్నీ జిల్లా కేంద్రంలోనే" అన్నారు. అంటే ఏమిటన్నమాట? తాతల కాలం నుంచి రైలు కూతల మధ్య ఆడుకుంటున్న ఆట ఊరు విడిచి పోతుందన్నమాట. మీటింగులో అందరూ తలలు పట్టుకుంటే, ఓబులేసు లేచి "జనాన్ని తెచ్చే పూచీ నాది" అని గుండె మీద చెయ్యేసుకుని చెప్పేశాడు.

చెప్పి ఊరుకున్నాడా అంటే, లేదు. పేటలో గోడ కనపడితే పోస్టరు. "మా జట్టు... మీ జట్టు!" ఆటోకు మైకు కట్టించి "అక్కలారా, అన్నలారా" అని గొంతు బొంగురుపోయేదాకా అరిచాడు. పచ్చ టోపీలు కుట్టించి ఇంటింటికీ పంచాడు.

విచిత్రం ఏమిటంటే, జనం ఆ టోపీలు పెట్టుకున్నారండీ! ఇడ్లీ బండి దగ్గర పచ్చ టోపీ. రేషన్ షాపు క్యూలో పచ్చ టోపీ. ఆఖరికి ఎవరో శెనగ చేలో దిష్టిబొమ్మకు కూడా పచ్చ టోపీ పెట్టారు. పోస్టరు చూసి "భలే ఉందప్పా ఓబులేసూ" అని భుజం తట్టారు. తీరా పోయిన ఆదివారం మ్యాచీ పెడితే, గ్రౌండు మెట్ల మీద కాకులు తప్ప ఎవరూ లేరు. ఆ కాకులు కూడా గోల్‌కీపరు తెచ్చుకున్న బొరుగుల కోసం వచ్చినవే.

ఎక్కడ తప్పిందో ఓబులేసుకు అంతు పట్టలేదు. ఎంత ఆలోచిస్తే అంత గందరగోళం. చివరికి సత్తార్ బాబా దగ్గరికి పోయాడు.

సత్తార్ బాబా గ్రౌండు గోడకు ఆనుకుని, సందు మొదట్లో చిన్న రేకుల గదిలో ఉండే ఫకీరు. పక్కనే ఉన్న పాత సమాధికి దీపం పెట్టుకుంటూ, వచ్చినవాళ్ల తల మీద నెమలీకల కట్టతో తట్టి పంపేవాడు. ఓబులేసు రోజూ సాయంత్రం ఆ గది ముందు ఊడ్చి, కడవకు నీళ్లు పట్టి, ఆయన కాళ్ల దగ్గర కూచునేవాడు. కాకపోతే ఆయన దగ్గర ఒక ఇబ్బంది ఉంది. అడిగినదానికి నోటితో జవాబు చెప్పడు. ఒకసారి "సామీ, నా కోపం ఎట్ల పోతాది?" అని అడిగితే, చిక్కుపడిన దారం ఉండ చేతిలో పెట్టి నిద్రపోయాడు.

"సామీ, ఈసారి మాత్రం నోరు తెరిచి చెప్పాల" అన్నాడు ఓబులేసు. "జనానికి ఇంకా ఏం చెప్తే వస్తారు?"

"ఇంతదాకా ఏం చెప్పినావు?"

ఓబులేసు అన్నీ ఏకరువు పెట్టాడు. పోస్టర్లు, మైకు, టోపీలు. చెప్తూ చెప్తూ గోల్‌పోస్టు వెనక ఉన్న వలను చూపించాడు. గోడ మీద ఇనప స్తంభాలు పాతి, తాడిచెట్టంత ఎత్తున కట్టిన నైలాన్ వల అది.

"అన్నిటికన్నా గొప్ప పని అదీ సామీ. నా ఆలోచనే. ముందు రోజూ బంతి పోయి సందులో పడేది గదా? సుంకమ్మవ్వ ఎండేసిన సండిగల మీదో, దస్తగిరి ఇంటి రేకుల మీదో. వాళ్లు బంతి పట్టుకోని గ్రౌండుకొచ్చి ఒకటే గొడవ. ఇప్పుడు చూడు! ఒక్క బంతి కూడా గోడ దాటదు. పోస్టర్లో కూడా వేయించినా, 'ఇక మీ ఇంటికి మా ఇబ్బంది లేదు' అని."

"గొడవలు పోయినాయా?"

"పోయినాయి సామీ."

"ఒక్కటన్నా మిగల్లే?"

"ఒక్కటంటే ఒక్కటి లేదు!"

"అయ్యో" అన్నాడు బాబా.

ఎందుకు అయ్యో అన్నాడో ఓబులేసుకు తెలియలేదు. సరిగా వినపడలేదేమో అని మళ్లీ మొదటి నుంచి చెప్పబోయాడు. బాబా అప్పటికే కర్ర అందుకుని లేచాడు.

గ్రౌండులో కుర్రాళ్లు ప్రాక్టీసు చేస్తున్నారు. బాబా చెయ్యి చాపి బంతి అడిగాడు. పెద్ద మ్యాచీకి ముందు ఆయన బంతి మీద దువా చదివి ఊదడం ఆ క్లబ్బులో మామూలే. అందుకని వాళ్లు బంతిని ప్యాంటుకు తుడిచి, రెండు చేతులతో అందించారు. బాబా ఊదలేదు. బంతిని శాలువాలో దోపుకుని గేటు దాటి సందులోకి నడిచాడు. వెనకాల ఓబులేసు.

సుంకమ్మ ఇంటి ముందు ఆగి, అటూ ఇటూ చూసి, ఆ ముసలి ఫకీరు బంతిని ప్రహరీ మీదుగా లోపలికి గిరాటేశాడు!

లోపల ధబ్బుమంది. ఏదో గిన్నె దొర్లింది.

"సామీ! ఏంది సామీ ఇది?"

"పో. అడిగి తెచ్చుకో" అని బాబా కర్ర పొడుచుకుంటూ తన దారిన తాను పోయాడు.

ఓబులేసు తలుపు తోసేసరికి, సుంకమ్మ బంతి మీద గంప బోర్లించి, గంప మీద చెయ్యి పెట్టుకుని సిద్ధంగా ఉంది. చాప మీద ఎండబెట్టిన వడియాలు చెల్లాచెదురుగా పడున్నాయి.

"ఎవడ్రా వాడు! నా సండిగల్ని పిండి చేసినవాడు ఎవడ్రా?"

"నేను కాదవ్వా... బాబా విసిరినాడు."

"థూ! బాబా మీద పెడ్తావా? కండ్లు పోతాయి! అయినా నువ్వు కాగితాలు అంటించేవాడివి గదా, నీకు బంతితో పనేంది?"

ఓబులేసు చేతులు నలుపుకున్నాడు. నోరు తిడుతోంది గానీ, ఆమె కండ్లు మాత్రం పెండ్లి చూసినట్టు వెలిగిపోతున్నాయి. అదేమి తిట్టో అతనికి అర్థం కాలేదు.

"ఎన్నాళ్లాయరా మీ బంతి రాక! మా ఇల్లు కనపడకుండా పోయిందా మీకు?"

"వల కట్టినాం గదవ్వా, మీకు ఇబ్బంది కాకూడదని..."

"కట్టినారులే. చూసినా" అని ముఖం అటు తిప్పుకుంది.

అంతలో ఎదురింటి వెల్డింగు దస్తగిరి గోడ మీదుగా తొంగి చూశాడు. "ఏం సుంకమ్మా, బంతి వచ్చిందా?"

"వచ్చింది."

"మా ఇంటికి రాలేదే" అన్నాడు దస్తగిరి. ఆ గొంతులో నిష్ఠూరం ఓబులేసుకు స్పష్టంగా వినిపించింది.

"ఇయ్యవ్వా, కుర్రాళ్లు కాచుకోనుండారు."

"నీకియ్యను. గోల్ కాసేవాడు యాడ? వాడికి నాలుగు మాటలు చెప్పి, వాడి చేతికే ఇస్తా" అని సుంకమ్మ బంతిని చంకన పెట్టుకుని కొంగు దోపింది. గొడవ చూద్దామని దస్తగిరి బయల్దేరాడు. దస్తగిరి వెనక అతని భార్య, ఆమె వెనక ఇంకో నాలుగు గడపలు.

సుంకమ్మ గ్రౌండు మధ్యకు పోయి గోల్‌కీపరును పట్టుకుంది. "ఏమిరా, కొంగ మాదిరి ఒంటికాలి మీద నిలబడితే బంతి ఆగుతాదా? పోయినేడు కూడా నీకు చెప్పినా, మోకాళ్లు వంచరా అని!" జట్టంతా పడి పడి నవ్వింది. తిట్టడం అయిపోయింది కదా, పోతారనుకున్నాడు ఓబులేసు. పోలేదు. మెట్ల మీద కూచుని, దీపాలు పెట్టే వేళ దాకా ఆట చూసి, అందరినీ పేరుపేరునా తప్పులు పట్టి, అప్పుడు లేచారు.

ఓబులేసు ఒక్క ఉరుకున బాబా దగ్గరికి వచ్చాడు.

"సామీ! అర్థమైపాయె! సుంకమ్మవ్వ ఫోటో పెట్టి కొత్త పోస్టరు వేయిస్తా!"

బాబా దీపం ఒత్తి ఎగదోశాడు.

"టోపీ పెట్టా?"

"అవును సామీ! పచ్చ టోపీ పెట్టి!"

బాబా దగ్గు తెరలు వచ్చేదాకా నవ్వాడు. తర్వాత నిమ్మకాయలు కోసే చాకు తీసి, ఓబులేసు చేతిలో పెట్టి, నమాజుకు లేచిపోయాడు.

ఓబులేసు ఆ చాకును అటు తిప్పి చూశాడు, ఇటు తిప్పి చూశాడు. దాన్ని తలగడ పక్కన పెట్టుకునే పడుకున్నాడు. ఆదివారం పొద్దున్నే గ్రౌండుకు పోయి, గోల్‌పోస్టు వెనక నిలబడి, పైకి చూశాడు. అర్థమైందా అంటే, పూర్తిగా కాలేదు. అయినా నిచ్చెన వేశాడు.

వల నేల మీద కుప్పగా పడి ఉండగా ప్రెసిడెంటు వచ్చాడు. "ఏం పని ఇది? నేను రిబ్బను కత్తిరించిన వలయ్యా అది!"

"బాబా చెప్పినాడు సార్."

"ఏమని చెప్పినాడు?"

ఓబులేసు తల గోక్కున్నాడు. "ఏమీ చెప్పలేదు సార్."

సాయంత్రం మ్యాచీ మొదలైంది. లీగు పెద్దలు కుర్చీల్లో కూచున్నారు. మెట్ల మీద మళ్లీ కాకులే. ఒకాయన వాచీ చూసుకుని పక్కాయన చెవిలో ఏదో అన్నాడు. ఓబులేసు మెట్టు మీద కూచుని గేటు వైపు చూశాడు. బాబా వచ్చి, ఏమీ జరగనట్టు అతని పక్కన మెట్టు మీద కూచున్నాడు.

మన డిఫెండరు కంగారులో ఒక్క తన్ను తన్నాడు. బంతి లేచింది. గోల్‌పోస్టు దాటింది. గోడ దాటింది. సందులో ఏవో రేకులు ధన్‌మని మోగాయి.

రెఫరీ ఇంకో బంతి కోసం చెయ్యెత్తాడు. అది ఓబులేసు కాళ్ల దగ్గరే ఉంది. వంగి చూస్తే లేదు. బాబా ఒళ్లో ఉంది, పైన శాలువా కప్పి ఉంది.

"సామీ! ఆట ఆగిపోయింది!"

బాబా గోడ వైపు చూస్తున్నాడు.

"ఏమయ్యా, మీ క్లబ్బులో ఇంకో బంతి లేదా?" అని కుర్చీల్లోంచి ఒకాయన అరిచాడు. ఆటగాళ్లు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డారు. ఓబులేసు సందులోకి పరుగెత్తబోయాడు. చొక్కా అంచు బాబా చేతిలో ఉండిపోయింది.

"పోయి తెస్తా సామీ, వదులు!"

"కూర్చో నాయనా. తెస్తారు."

గోడ అవతల ఒక గూడ్సు బండి పోవడం మొదలుపెట్టింది. పోతూనే ఉంది. చివరికి ఆఖరి పెట్టె కూడా దాటిపోయింది.

అప్పుడు సందులోంచి వినిపించింది. "ఎవడ్రా వాడు!"

దాని వెంటనే ఇంకో గొంతు. "నువ్వుండు సుంకమ్మా! ఈసారి నా రేకుల మీద పడింది, నేను అడగాల!"

ఒకదాని వెనక ఒకటి తలుపు గొళ్లాలు తీసిన చప్పుడు. చెప్పుల చప్పుడు.

ఓబులేసు కూచున్నాడు.