పెంకులు పైకొచ్చిన ఫొటో

పోలినాయుడి ఇంటి ముందునుంచే గదా వచ్చారు. ఏం చూశారో చెప్పండి. మట్టికుప్పా? తొందరపడకండి, ముందు సంగతి వినండి.

ఊళ్ళో తెలివంతా తమ ఇంట్లోనే ఉందని పోలినాయుడి నమ్మకం. అది బయటికి పోతుందని ఇంటికి కిటికీలు కూడా పెట్టించలేదు. అలాంటి ఇంటిమీదుగా కాలవ తవ్వుతామని సర్వేయరు వచ్చాడు. అరుగుమీద కూర్చుని మజ్జిగ తాగి, "మా కాగితాల్లో ఇక్కడ ఇల్లు లేదు. ఉందని ఫొటో చూపిస్తే కాలవ పక్కకి జరుపుతాం," అన్నాడు. కూర్చున్న అరుగు కనపడదు, కాగితమే కనపడుతుంది ఆ మహానుభావుడికి.

బడిలో డ్రాయింగు మాస్టారు జాలిపడ్డాడు. పాలడబ్బాకి సూదితో బెజ్జం పొడిచి, చీకట్లో లోపల ఫొటో కాగితం అంటించి ఇచ్చాడు. "బెజ్జం ఇంటికేసి పెట్టి కాసేపు ఉంచండి. ఇంకెటునుంచీ వెలుగు చొరబడకూడదు. ఏదీ కదలకూడదు."

"వెలుగు ఈ బెజ్జంలోంచే లోపలికి పోతంది గదా అన్నా. మాస్టారికి ఆమాత్రం తెలీదు," అని తమ్ముడు సన్నిబాబు బెజ్జానికి మైనం పెట్టాడు. అంతే, మాస్టారు మందునీళ్ళలో కడిగితే కాగితం తెల్లగా వచ్చింది.

పోలినాయుడు కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇల్లేదీ?"

"కదిలిపోయుంటాది," అంది భార్య నీలవేణమ్మ.

ఇంకేముంది, గేదెని విప్పేసి ఆ గుంజకి ఇంటిని కట్టేశారు. గేదె ఊరిమీద పడింది.

మాస్టారు తిట్టి మైనం తీయించాడు. ఈసారి బొమ్మ పడింది, తలకిందులుగా. సున్నపు గోడలు నల్లగా ఉన్నాయి. "ఇందులో తెల్లనిది నల్లగానూ, పైది కిందకీ వస్తాయి. దాన్నేం చెయ్యాలంటే..." అని మాస్టారు అంటూనే ఉన్నాడు, అన్నదమ్ములు ఇంటికి పరుగు.

గోడలకి మసి పూశారు. పెంకులు దింపి నేలమీద పరిచారు. గడప ఊడబీకి గోడెక్కించారు.

"మరి పడుకునేదెక్కడ?" అంది నీలవేణమ్మ.

"ఇల్లు నిలబడాలేటే, నువ్వు పడుకోవాలేటే?" అన్నాడు పోలినాయుడు.

మళ్ళీ డబ్బా పెట్టి తీస్తే ఫొటో దివ్యంగా వచ్చింది. తెల్లటి గోడలు, పైన పెంకులు. మాస్టారు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. మెచ్చుకున్నాడనుకున్నారు.

ఆ సాయంత్రమే వాన దంచింది. పైకప్పు లేని మట్టిగోడలు కుప్పకూలాయి. సర్వేయరు గొడుగేసుకుని వచ్చేసరికి ముగ్గురూ ఆ జానెడు ఫొటోని నెత్తిమీద పట్టుకుని, తడిసి ముద్దవుతూ కూర్చున్నారు.

"ఇల్లేదయ్యా?"

"ఇంట్లోనే ఉన్నాం, రండి బాబూ. పెంకులు పైనే ఉన్నాయి," అని పోలినాయుడు కాస్త జరిగి చోటిచ్చాడు.

కాగితంమీద ఇల్లుంది. నేలమీద లేదు. ఇప్పుడు మీరు చెప్పండి, కాలవ ఎటు పోవాలి?