పొన్న పగలగొట్టిన గోడ

అనగనగా ఒక కొండ అడవి. పోయిన వైశాఖంలో ఆ అడవిలో ఒక ఆడపక్షికి అన్యాయం జరిగింది. దాని పేరు పొన్న. చేసినవాడు దాని మొగుడు సింగన్న. పేర్లతో సహా చెబుతా, వినండి పిల్లలూ.

ముక్కు మీద కొమ్ముండే పక్షులు అవి. గుడ్లు పెట్టే వేళకి ఆడపక్షి చెట్టుతొర్రలో దూరుతుంది. మగపక్షి మట్టి తెచ్చిస్తే, లోపలి నుంచి తనే గోడ మెత్తుకుంటుంది. ముక్కు పట్టేంత సందు మిగులుతుంది. లోపల దాని రెక్కల ఈకలు రాలిపోతాయి. ఇక మగపక్షి పండు తెస్తేనే తిండి.

"సూర్యుడైనా తప్పుతాడేమో గానీ, మన జాతి మగవాడు సందు దగ్గరికి రావడం తప్పడు" అని పెద్దమ్మలు పాడే పాట వింటూ పొన్న పెరిగింది. అందుకే తన గోడ అందరికంటే మందంగా మెత్తింది. సందు అందరికంటే సన్నగా వదిలింది.

"కాస్త వెడల్పుగా ఉంచుకోవే పిల్లా," అంది పక్క కొమ్మ ఉడుత.

"నమ్మకం లేనివాళ్ళకి కావాలి అత్తా వెడల్పు," అంది పొన్న గర్వంగా.

మొదటి వారం సింగన్న పూటకి పది జువ్విపళ్ళు తెచ్చాడు. రెండో వారం రెండు తెచ్చాడు. మూడో వారం కబుర్లు తెచ్చాడు. ఆ తర్వాత అవీ లేవు.

ఉడుత చూసొచ్చి చెప్పింది: "వాగు అవతల జువ్విచెట్టెక్కి మెక్కుతున్నాడే. పొట్ట బరువుకి ఎగరలేక ఆయాసపడుతున్నాడు."

పెద్దమ్మలు వచ్చారు. ఒక్క పండైనా తేలేదు. "ఓర్చుకోవే అమ్మా. గోడ పగలగొట్టిన ఆడదాన్ని ఈ అడవిలో ఎవరూ తమ కొమ్మ మీద వాలనివ్వరు," అని చెప్పి, ముక్కులు తుడుచుకుంటూ పోయారు.

పొన్న కింద రెండు గుడ్లు. మొదటిది పగిలి పిల్ల బయటికొచ్చింది. రెండు రోజులు నోరు తెరిచి అరిచింది. పెట్టడానికి ఏమీ లేదు. మూడో రోజు అరవలేదు. పొన్న ఇంకా సందు వైపే చూస్తోంది. చిన్నప్పటి పాట అంత తొందరగా చావదు మరి.

అప్పుడు రెండో గుడ్డు లోపల టిక్కు టిక్కుమంది. పిల్ల పెంకును పొడుస్తోంది. పొన్న గుడ్డు వైపు తిరిగి తనలో తాను అనుకుంది:

"బయట ఒక లోకం ఉందని దీనికెవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. అయినా పొడుస్తోంది. పొడవమని లోపలే ఉండి చెప్పినవాడు ఒకడున్నాడు. స్వామీ, ముక్కు నాకూ ఇచ్చావు కదా! ఇన్నాళ్ళూ నేను ఎవరికి మొక్కాను?"

గోడను పొడిచింది. తను మెత్తిన గోడే, రాయిలా ఉంది. ముక్కు చివర నెత్తురొచ్చింది. సాయంత్రానికి ఇటు గోడ కూలింది, అటు గుడ్డు పగిలి పిల్ల బయటికొచ్చింది. ఈకలు లేవు, ఎగరలేదు. కొమ్మ మీంచి కొమ్మకు గెంతుతూ, పడుతూ, లేస్తూ, ఒక్క పండు తెచ్చి పిల్ల నోట్లో పెట్టింది.

"ఛీ, బోసి రెక్కలతో బయటపడిందమ్మా! సిగ్గు లేదూ?" అన్నారు పెద్దమ్మలు.

"సిగ్గు ఈకల్లో ఉంటే మీకు ఒళ్ళంతా ఉండాలి కదా పెద్దమ్మా! ఒక్క పండు తేలేదేం?"

సింగన్న కూడా దిగాడు. "నన్నడక్కుండా నా గోడ ఎందుకు పగలగొట్టావ్?"

"మెత్తింది నేను. ఆకలితో చచ్చింది నా బిడ్డ. ఇక్కడ నీదేముంది? తప్పుకో, పండు తేవాలి."

పొన్న ఇక ఆ పాట పాడలేదు. పిల్లకూ నేర్పలేదు. పొద్దున్నే తూర్పుకు తిరిగి ఒక్క మాట అనుకునేది: "ఇచ్చినవాడా, ఈ పూట కూడా నీ మీద భారం వేసి బయల్దేరుతున్నా." చచ్చిన పిల్ల తిరిగి రాలేదు. బతికిన పిల్ల రెక్క విప్పి వాగు దాటింది. ఆ రోజు శ్రావణ శుద్ధ నవమి, గురువారం.

నీతి: దేవుణ్ణి నమ్మినవాళ్ళు ఆయన ఇచ్చిన ముక్కును దాచుకోకూడదు, దానితో గోడ పొడవాలి.