చిలుకకు కొరికిపెట్టిన జామపండు

అనగా అనగా, మన తాతలకూ తాతలున్న కాలంలో, రత్నగిరిని ఒక రాజు ఏలేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. వాళ్ళను ఒడిలో వేసుకుని పెంచింది రాజుగారి తల్లి మాణిక్యాంబ. పిల్లలకు ఆమె జేజి. ఆమె భర్త ముసలి మహారాజు స్వర్గస్థుడైన నాటినుంచి జేజి మంచం దిగలేదు. పలకదు, ముద్ద ముట్టదు. ఏడు సముద్రాల అవతలి కరాళుడనే మాంత్రికుడే ఆమె ఆకలిని మూటగట్టుకుపోయాడని కోటంతా అనుకుంది.

పెద్దవాడు వంటవాళ్ళను పిలిపించాడు. జేజి కళ్ళు తెరవలేదు. నడిమివాడు వైద్యులను పిలిపించాడు. జేజి కళ్ళు తెరవలేదు. చిన్నవాడు చిత్రకేతుడు నడుముకు కత్తి కట్టాడు.

"జేజి ఆకలి తేకుండా ఈ గడప తొక్కను."

"మీసం మొలవలేదు, మాంత్రికుణ్ణి గెలుస్తాడట!" అన్నలు నవ్వారు. చిన్నవాడు వెనక్కి చూడలేదు.

సముద్రం ఒడ్డున వలలో చిక్కిన తాబేలును విడిపించాడు.

"వీపెక్కు నాయనా. కునుకు తీశావో, నేనూ తీస్తాను. ఇద్దరం మునుగుతాం" అంది తాబేలు.

ఒక సముద్రం దాటారు. "వెనక్కి పోదామా?" "ముందుకే!" రెండోది దాటారు. "వెనక్కి పోదామా?" "ముందుకే!" మూడోది దాటాక తాబేలు అడగడమే మానేసింది.

ఏడోదీ దాటాక కరాళుడి గుహ కనబడింది. గుహలో కువలయ అనే రాజకుమార్తె సంకెళ్ళతో ఉంది. పక్కనే ఇనుప పంజరంలో ఈకలు రాలిన చిలుక.

"మాంత్రికుడి ప్రాణం దీనిలోనే ఉంది" అంది కువలయ గుసగుసగా. "ఎవరైనా ముడతారేమోనని చీకట్లో దాచాడు. బెంగతో తిండి మానేసింది. నా సంకెళ్ళు వాడు విప్పితేనే ఊడతాయి. ముందు చిలుకను తీసుకుపో, వాడే నీ వెంట పడతాడు."

మాంత్రికుడు గురక పెడుతుండగానే చిత్రకేతుడు పంజరంతో బయటపడ్డాడు. ఇంటికి వచ్చి జేజి మంచం పక్కనే చిలుక మెడ పట్టాడు.

"ఆ మాంత్రికుడు చస్తే నీ ఆకలి నీకొస్తుంది జేజీ!"

జేజి కళ్ళు తెరిచింది.

"అది ఏమన్నా తిన్నదట్రా?"

"లేదు జేజీ."

"మన గడపలోకొచ్చిన ప్రాణికి ముందు తిండి, తర్వాతే తగవు. వదులు దాన్ని."

చిలుకకు శనగలు పెట్టారు, ముఖం తిప్పుకుంది. పాలన్నం పెట్టారు, ముఖం తిప్పుకుంది. జామపండు పెట్టారు, ముఖం తిప్పుకుంది. జేజి మోచేతులూని లేచి కూర్చుంది.

"పిచ్చితల్లి, పసిపిల్లలా కొరికిపెట్టాలి కాబోలు!"

పండు కొరికి, నమిలి, వేలితో అందించింది. చిలుక తిన్నది. జేజి దానికోసం ఒకసారి కొరికింది, తనకు తెలియకుండానే మరోసారి కొరికి మింగింది.

మర్నాడు తెల్లవారగానే "జేజీ, లే!" అని చిలుక అరిచింది. దాని పోరు పడలేక జేజి మంచం దిగింది. పళ్ళకోసం తోటలోకి నడిచింది. చిలుకకు దేవుడి పేర్లు నేర్పుతూ నేర్పుతూ తానూ మాట్లాడసాగింది.

అంతలో కరాళుడు ఊడిపడ్డాడు, బుగ్గలు నిగనిగలాడుతూ.

"ఎవరురా నా ప్రాణానికి జామపళ్ళు మేపుతున్నది? ఒంట్లో చురుకు పుట్టి నిద్రపట్టడం లేదు!"

చిత్రకేతుడు కత్తి దూశాడు. "మా జేజి ఆకలి ఇటు తే!"

"ఒట్టు! నేను తీయలేదు. అది దిగులుతో పోయిన ఆకలి. ఆకలిని దొంగిలించే మంత్రం నాకు రాదు. నా చిలుకను నాకివ్వండి."

చిత్రకేతుడు జేజి వైపు చూశాడు. ఆమె బుగ్గన ఇంకా జామముక్క ఉంది. కత్తి దించాడు.

జేజి అడ్డంగా నిలబడింది. "ఇవ్వను. ప్రాణమంటావు, చీకట్లో పారేస్తావు! మావాడు చెప్పాడు, నీ గుహలోని ఆ పిల్ల సంకెళ్ళు విప్పు. జనాన్ని పీడించడం మాను. దీన్ని నేను చూసుకుంటాను."

"మానకపోతే చంపుతావా?"

"శివశివా! చంపను. రోజూ కాకరకాయ పెడతాను."

మాంత్రికుడి ముఖం చేదైపోయింది. అక్కడికక్కడే సంకెళ్ళు ఊడే మంత్రం చదివాడు. కువలయ తాబేలు వీపెక్కి వచ్చింది. ఆమెకూ చిత్రకేతుడికీ జరిగిన పెళ్ళిలో మొదటి అక్షింతలు జేజి తన చేత్తోనే వేసింది. రాజు చిన్నవాడికే పట్టం కట్టాడు. చిత్రకేతుడు కలకాలం చల్లగా ఏలాడు. జేజి మునిమనవళ్ళకు అక్షరాలు దిద్దించింది, పక్కన కూర్చుని చిలుక తప్పులు పట్టింది. ఆ కోట పచ్చగా ఉండె, ఈ కథ విన్న మీ ఇల్లూ పచ్చగా ఉండుగాక.