ఉక్కుగది ఎందుకు కదల్లేదు

అనగనగా, ఉప్పుగాలి తప్ప ఊరికే ఏదీ దొరకని ఒక ఊరు. సముద్రపు ఒడ్డున గుప్పెడు గుడిసెలు, వాటి మధ్య ఒక ఉక్కుగది. తుఫాను వేళ తలదాచుకోమని వెనకటి రాజుగారు చేయించి ఇచ్చిన గది అది. బయట గాలి ఎంత గింజుకున్నా లోపల పిల్లలు హాయిగా నిద్రపోయేవారు.

ఆ ఊళ్లో వలలు అల్లుకుని బతికే నూకాలు ఉండేది. కిందటి తుఫానులో ఆమె కూతురు ఆ గదిలోనే పురుడు పోసుకుంది. అప్పటినుంచి ఆ గదిని చూస్తే నూకాలుకి పుట్టింటిని చూసినట్టుండేది.

ఏటేటా సముద్రం కాస్త కాస్త ముందుకు జరిగింది. ఈ ఏడు గది గడప తడిపింది. ఊరంతా ఎత్తయిన ఇసుకదిబ్బ మీదికి మారిపోదామనుకున్నారు. గుడిసెలంటే తాటాకులే, నెత్తిన పెట్టుకుని పోవచ్చు. మరి గదో? పడవల్ని ఒడ్డుకు లాగినట్టే కింద తాటిదుంగలు పరిచి, మోకులు కట్టి లాగేద్దామన్నాడు ఊరిపెద్ద దానయ్య. తుఫానుల కాలం దగ్గరపడింది. ఈలోగా గది దిబ్బ ఎక్కకపోతే పిల్లా జెల్లా అంతా ఆరుబయటే.

అందరూ గంజి తాగుతున్న వేళ నూకాలుకి ఒక ఆలోచన వచ్చింది. తన రుబ్బురోలు దిబ్బ దాకా మోయడం తనవల్ల కాదు. గది ఎలాగూ వెళ్తుంది, ఒక్క రోలు దానికేం బరువు? ఎవరూ చూడకుండా దొర్లించుకెళ్లి లోపల పెట్టేసింది. ఒక మూల దేనిమీదో పాత వల కప్పి ఉంది. తొందరలో పట్టించుకోలేదు.

మొదట మగవాళ్లంతా మోకు పట్టారు. భుజాలు ఎర్రబడ్డాయి గానీ గది కదల్లేదు. మోకు సాగుతోందన్నారు.

తర్వాత ఎడ్లను కట్టారు. అవి రెండడుగులు వేయబోయి ఇసుకలో కూలబడ్డాయి. మేత చాలలేదన్నారు.

చివరికి దానయ్య వెళ్లి, రాజుగారి ఏనుగును బతిమాలి తీసుకొచ్చాడు. ఏనుగు నుదురు ఆనించి తోసింది. గది జానెడు జరిగింది. లోపల గడగడమని చప్పుడైంది. ఏనుగు ఆగి, చెవులు విప్పి వింది.

"దానయ్యా, గది తొయ్యమని పిలిచావు. ఊరిని తొయ్యమని చెప్పలేదే," అంది.

ఉక్కు అలాగే మోగుతుందని దానయ్య నసిగాడు.

"నువ్వు పుట్టకముందు నుంచీ బరువులు తోస్తున్నాను నాయనా," అని ఏనుగు తొండం ముడుచుకుని నిలబడిపోయింది.

అందరూ తలోదిక్కు చూశారు. ఇంతలో ఒక అల వచ్చి, గది కిందున్న దుంగల్లో ఒకదాన్ని లాక్కుపోయింది.

నూకాలు చంకలో మనవరాలు ఉంది. రేపు గాలి లేస్తే దీన్ని ఎక్కడ దాచను అనుకుంది. నోరు మూసుకుంటే తన పేరు ఎవరికీ తెలియదు. గది మాత్రం సముద్రం పాలవుతుంది. పిల్లను పక్కింటామె చేతికిచ్చి, తలుపు తీసి, అందరి ఎదుటా రోలు బయటికి దొర్లించింది.

"ఇది నాదే ఏనుగమ్మా. మోయలేక పెట్టాను."

అప్పుడు పక్కింటామె మెల్లగా, "ఒదినా, నీ రోలు పక్కన మా తిరగలి ఉండాలి, చూశావా?" అంది.

ఎవరో కిసుక్కున నవ్వారు. ఇంకేముంది, ఒక్కొక్కరే లోపలికి వెళ్లారు. తిరగళ్లు వచ్చాయి, ఉప్పుచేపల జాడీలు వచ్చాయి. అందరి వెనకా దానయ్య దగ్గుకుంటూ వెళ్లి, పాత వల తీసి, దాని కింది నుంచి పడవ లంగరు ఈడ్చుకొచ్చాడు.

"నాలుగు రోజులుగా వెతుకుతున్నాను కదయ్యా దానికోసం," అంది అతని భార్య. ఊరు ఊరంతా పగలబడి నవ్వింది. ఏనుగు కూడా నవ్వింది.

ఆపైన ఏనుగు తోసింది, జనం లాగారు. దుంగల మీద గది పడవలా జారుకుంటూ పొద్దు వాలేలోగా దిబ్బ ఎక్కింది. మర్నాడు ఒక్కో బరువుకి ఇద్దరేసి చొప్పున పట్టి సామాన్లన్నీ మోసుకొచ్చారు. నూకాలు రోలుకి రెండోవైపు పట్టింది దానయ్యే.

ఆ నెలలోనే తుఫాను వచ్చింది. దిబ్బ మీది తలుపును కొట్టి కొట్టి, అలిసి, తన దారిన పోయింది.

నలుగురి పని సాగాలంటే, మోకు పట్టుకునే ముందు మనం దాచిన బరువు మనమే దించాలి.